ఇంకొక్క రోజు మేత

పదకొండో రోజు కూడా పురుగులు గూడు కట్టలేదు.

షెడ్డు లోపల నలభై నాలుగు డిగ్రీలు. బయట ఇంకో రెండు ఎక్కువ. అంత వేడిలో పట్టుపురుగు బతికి ఉండటమే వింత. ఎర్రగట్టుపల్లిలో చౌడమ్మ షెడ్డులో మాత్రం ముప్ఫై వేల పురుగులు బతికి ఉన్నాయి. బతకడమేమిటి, నిక్షేపంగా ఉన్నాయి. మల్బరీ కొమ్మల మీద బారులు తీరి, రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆకు నములుతున్నాయి. తెల్లగా, నున్నగా, చూపుడువేలి కంటే లావుగా ఉన్నాయి.

"ఇవి ఎప్పుడు పండుతాయి మేడమ్?" అని అడిగింది చౌడమ్మ. మూడు రోజులుగా ఆమె అడుగుతున్నది అదే ప్రశ్న.

డాక్టర్ మెహరున్నీసా కొమ్మ మీదికి వంగింది. ఒక పురుగును అరచేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. పండిన పురుగైతే మేత మానేస్తుంది. దాని ఒళ్లు లేత పసుపు రంగుకు తిరిగి, లోపలి పట్టు బయటికి కనిపిస్తుందా అన్నట్టు మెరుస్తుంది. తల పైకెత్తి గూటికి చోటు వెతుక్కుంటుంది. అప్పుడు దాన్ని ఏరి, చంద్రిక అనే వెదురు తట్టలో వేస్తే మూడు రోజుల్లో గూడు అల్లుతుంది. నాలుగో జ్వరం నుంచి లేచిన ఏడెనిమిది రోజులకు ఇదంతా జరిగిపోవాలి; అప్పుడే పదకొండు రోజులైంది. (పురుగు పొర విడవడానికి మేత మాని పడుకోవడాన్నే అక్కడి రైతులు జ్వరం అంటారు.) మెహరున్నీసా చేతిలోని పురుగు మాత్రం తల దించి, ఆమె వేలిని ఆకనుకుని కొరకడానికి చూసింది.

"రేపు చూద్దాం అక్కా" అంది చివరికి.

"నిన్న కూడా అదే మాట చెప్పినారు. ఇవి తింటానే ఉండాయి. ఆకు నేను కోసుకొస్తాండా. నా నడుము చూసినారా?"

ఈ కథ జరిగేనాటికి హిందూపురం చుట్టుపక్కల వేసవి ఫిబ్రవరిలో మొదలై జూలై దాకా సాగేది. ఆ ఆరు నెలలూ పట్టుపురుగుల షెడ్లు ఖాళీగా ఉండేవి. ముప్ఫై డిగ్రీలు దాటితేనే నీరసించే ప్రాణి అది. నలభైలో దాని మాటే లేదు. పన్నెండేళ్లుగా రైతులు వేసవి పంట మాట మరిచిపోయారు. పరిశోధన కేంద్రంలో పనిచేసే మెహరున్నీసా ఆ పంటను తిరిగి తెస్తానని బయలుదేరింది. ఆమెది కదిరి. వాళ్ల నాన్న పట్టుగూళ్ల నుంచి దారం తీసే రీలర్. ఆ ఉడుకునీళ్ల తొట్ల ఆవిరి మధ్యే ఆమె పెరిగింది.

ఆమె కనిపెట్టింది ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఒక జీవి శరీరంలోని సెల్స్ అన్నిటిలోనూ దాదాపు అవే జీన్లు ఉంటాయి. పురుగు కంట్లో ఉన్న జీన్లే దాని పట్టు గ్రంథిలోనూ ఉంటాయి. ఏ జీన్ పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అనేది జీన్ల మీద వచ్చి కూర్చునే కొన్ని ప్రోటీన్ల చేతిలో ఉంటుంది. ఆ ప్రోటీన్లకు ఒక చిన్న చక్కెర అణువు అతుక్కుంటూ, ఊడిపోతూ ఉంటుంది. అతికించడానికి ఒక ఎంజైమ్, ఊడదీయడానికి మరో ఎంజైమ్. సెల్‌కు తిండి బాగా అందుతుంటే అతుక్కునేవి పెరుగుతాయి. తిండి తగ్గితే తగ్గుతాయి. చక్కెర అతుక్కోగానే ఆ ప్రోటీన్ జీన్‌ను పట్టుకునే తీరు మారిపోతుంది. నిద్రపోతున్న జీన్ లేస్తుంది, లేదా పనిచేస్తున్నది ఆగిపోతుంది. సెల్‌కు వేడి దెబ్బ తగిలినప్పుడు కూడా ఈ చక్కెర గబగబా అతుక్కుని, వేడిని తట్టుకునే జీన్లను లేపుతుంది. మెహరున్నీసా పట్టుకున్నది ఈ చివరి సంగతినే. ఊడదీసే ఎంజైమ్‌ను కట్టేసే ద్రావణం ఒకటి తయారుచేసి, మల్బరీ ఆకు మీద చల్లించింది. రైతులు దాన్ని తీపి మందు అన్నారు.

తీపి మందు పనిచేసింది. పురుగులు బతికాయి. గూడు మాత్రం కట్టలేదు.

పన్నెండో రోజు ఉదయం జాయింట్ డైరెక్టర్ నీలకంఠం ఫోన్ చేశాడు.

"బతికినవి ఎంత శాతమమ్మా?"

"తొంభై ఎనిమిది సార్. కానీ..."

"తొంభై ఎనిమిదా! అద్భుతం. ఇవాళే రిపోర్టు పంపించు."

"సార్, ఒక్క గూడు కూడా రాలేదు. పట్టు లేదు."

"ఫారంలో పట్టు అని గడి ఉందా?"

మెహరున్నీసా కళ్లు మూసుకుంది. "లేదు సార్."

"ప్రాజెక్టు పేరేమిటి? వేసవిలో పట్టుపురుగుల మనుగడ. మనుగడ ఉందా లేదా? ఉంది. అంతే. అన్నట్టు ఒక సందేహం. ఈ పురుగులకు షుగర్ జాస్తి అయింది కదా, కళ్లకేమైనా ఇబ్బంది వస్తుందా? మా బావగారికి అలాగే వచ్చింది."

ఇది ఆ షుగర్ జబ్బు కాదని, రక్తంలో ఉండే చక్కెర వేరు, ప్రోటీన్‌కు అతుక్కునే ఈ ఒంటరి అణువు వేరని ఆమె ఆయనకు అప్పటికి అయిదుసార్లు చెప్పింది. బొమ్మ గీసి కూడా చూపించింది. ఆరోసారి చెప్పే ఓపిక లేక "రాదు సార్" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజంతా ఆమె షెడ్డు గుమ్మం దగ్గర కూర్చుని, ఒక్కొక్క పురుగు నుంచి సూదిమొనంత చుక్క తీసి, తన వెంట తెచ్చిన రీడర్‌లో పెట్టింది. ఇంట్లో వాడే మిక్సీ అంత పెట్టె అది. ప్రోటీన్లకు ఎంత చక్కెర అతుక్కుందో అంకెల్లో చూపిస్తుంది. ప్రతి పురుగులోనూ అంకె ఒకేలా ఉంది, ఉండవలసిన దానికి మూడింతలు. పట్టు గ్రంథి సెల్స్‌లో చూస్తే ఇంకా ఎక్కువ.

"దొరికింది" అంది, పెద్దగా సంతోషం లేకుండా.

"ఏం దొరికింది మేడమ్?" చౌడమ్మ పక్కనే గొంతుక్కూర్చుంది.

"తిండి తగ్గబోతోందన్న కబురు లోపలికి అందితేనే పురుగు గూడు కట్టే పనిలోకి దిగుతుంది అక్కా. పట్టు నేసే జీన్లు అప్పుడే పూర్తిగా లేస్తాయి. మన మందు వల్ల చక్కెర ఊడటం లేదు. చక్కెర ఊడకపోతే, తిండికి ఎప్పటికీ కొదవ లేదని సెల్ అనుకుంటుంది."

చౌడమ్మ పురుగుల వైపు చూసింది. "కొదవ లేదనుకుంటే ఇల్లెందుకు కట్టుకుంటాది? నేనైనా కట్టను. అట్లయితే ఒక పూట పస్తు పెడదామా?"

పెట్టారు. మర్నాడు పొద్దున ఒక మూలన అయిదొందల పురుగులను వేరుచేసి, మేత ఆపారు. ఆకు లేకపోతే మందూ లేదు. మధ్యాహ్నానికి చక్కెర ఊడటం మొదలైంది. రీడర్‌లో అంకె దిగడం చూసి మెహరున్నీసా లేచి నిలబడింది. చౌడమ్మ చంద్రిక తేవడానికి పరుగెత్తింది. ఆమె తిరిగొచ్చేసరికి పురుగులు మెత్తబడి, నల్లబడి, ఒక్కటొక్కటే కొమ్మల నుంచి జారి పడుతున్నాయి. ఆకలి కబురు అందింది, కానీ చక్కెరతోపాటు వేడిని ఆపే కాపుదల కూడా పోయింది. గంట తిరక్కుండా అయిదొందలూ చచ్చాయి.

మిగిలినవి ఇంకో వారం రోజులు తిని, ముసలివై, గూడు కట్టకుండానే రాలిపోయాయి. చౌడమ్మ వాటిని గంపలకెత్తి దిబ్బలో పోసింది. తిట్టి ఉంటే బాగుండేదని మెహరున్నీసాకు అనిపించింది.

నీలకంఠానికి ఆ నెలలోనే ప్రశంసాపత్రం వచ్చింది.

గూడు కట్టించడానికి మెహరున్నీసా తలపెట్టిన నీలి దీపం తయారు కావడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. అందులో తొమ్మిది నెలలు అనుమతులకు, అయిదు నెలలు పనికి. "మనుగడ సాధించేశాం కదా, మళ్లీ ఎందుకు?" అన్న ప్రశ్నకు ఆమె పదకొండు కాగితాల మీద జవాబు రాయాల్సి వచ్చింది. వాటిలో మూడు పోయాయి, మళ్లీ రాసింది.

ఆమె ఆలోచన తేలికైనదే. ఒళ్లంతా చక్కెర ఉండాలి, పట్టు గ్రంథిలో మాత్రం ఊడాలి. చక్కెరను ఊడదీసే కొత్త ఎంజైమ్ ఒకదాన్ని మందులో కలిపింది. అది పురుగు కడుపులోకి వెళ్లి, పట్టు గ్రంథిలో మాత్రమే చేరుతుంది. చేరినా మామూలుగా పడుకునే ఉంటుంది. నీలిరంగు వెలుగు పడితే లేస్తుంది. షెడ్డు కప్పుకు ఒక నీలి దీపం, గోడకు ఒక స్విచ్. నొక్కిన రెండు గంటల్లో గ్రంథిలోని చక్కెర ఊడిపోతుంది, పట్టు జీన్లు లేస్తాయి, పురుగు పండుతుంది. మిగతా ఒంటికి వేడి నుంచి కాపుదల అలాగే ఉంటుంది.

ఎర్రగట్టుపల్లిలో ఇరవై ఆరు ఇళ్లకు దీపాలు పెట్టారు. మొట్టమొదట తన షెడ్డులో నొక్కడానికి చౌడమ్మ ఒప్పుకుంది. మళ్లీ ఎందుకు నమ్మిందో మెహరున్నీసాకు అర్థం కాలేదు. అడిగితే, "మీరు దిబ్బ దాకా నా వెంట గంప మోసినారు కదా" అంది.

ఎనిమిదో రోజు నొక్కింది. మూడు రోజుల తర్వాత చంద్రికల నిండా తెల్లటి గూళ్లు. మే నెలలో, నలభై అయిదు డిగ్రీల ఎండలో! ఊరంతా వచ్చి చూసింది. మెహరున్నీసా షెడ్డు వెనక్కి వెళ్లి, ఎవరూ లేని చోట నిలబడి కాసేపు ఏడ్చింది.

అంతటితో అయిపోయి ఉంటే ఇది మంచి కథే.

రెండో పంటలో, ఊళ్లో ఓబులేసు అనే రైతు, చెల్లెలి ఇంట్లో ఏదో పనిమీద గోరంట్ల వెళ్లి, రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. అతని భార్య స్విచ్ ముట్టుకోవడానికి భయపడి, మేత మాత్రం వేస్తూ పోయింది. పదో రోజున దీపం వెలిగింది. అతని గూళ్లు అందరివాటికన్నా పెద్దవిగా వచ్చాయి. పురుగు రెండు రోజులు అదనంగా తిన్నదంతా పట్టయింది. మార్కెట్‌లో అతని రాశి దగ్గర జనం గుమిగూడారు.

మూడో పంటలో ఎవరూ ఎనిమిదో రోజు నొక్కలేదు.

పదో రోజు కూడా నొక్కలేదు. పన్నెండో రోజు మెహరున్నీసా కేంద్రం జీపులో వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. "ఇంకొక్క రోజు మేడమ్" అన్నారు. ఓబులేసు పన్నెండు అంటే చౌడమ్మ పదమూడు అంది. చౌడమ్మ పదమూడు అన్నదని తెలిసి ఓబులేసు పధ్నాలుగుకు వాయిదా వేశాడు. ఇదివరకు పురుగే తన రోజు తాను నిర్ణయించుకునేది. మనిషి దాని వెనక పరుగెత్తేవాడు. ఇప్పుడు రోజు మనిషి చేతికి వచ్చింది. ఊళ్లో ఎవరికీ ఆ రోజు ఏదో తేలడం లేదు.

పురుగు పెరిగేకొద్దీ ఆకు ఎక్కువ తింటుంది. పదిహేనో రోజుకు ఊరి మల్బరీ తోటల్లో సగం మోడులైపోయాయి. ఆడవాళ్లు పక్క ఊళ్లకు ఆటోల్లో వెళ్లి ఆకు కోసుకొచ్చారు. పదిహేడో రోజుకు పక్క ఊళ్లవాళ్లు పొలం గట్ల మీద కాపలా పెట్టారు.

పద్దెనిమిదో రోజు మెహరున్నీసా నేరుగా చౌడమ్మ షెడ్డులోకి వెళ్లింది. పురుగులు బొటనవేలంత అయ్యాయి. కొమ్మలు వాటి బరువుకు వంగాయి.

"అక్కా, ఇక చాలు. ఇంతకంటే పెరిగితే అవి చంద్రికలో పట్టవు. పైగా ఊరికంతా కలిపి ఉన్న చంద్రికలెన్ని? అయిదిళ్లకు సరిపోతాయి. వంతులవారీగా వాడుకునే సరుకు అది. అందరూ ఒకేసారి నొక్కితే పురుగులను ఎక్కడ పెడతారు?"

"అందరూ ఒకేసారి ఎందుకు నొక్కుతారు? ఓబులేసు ముందు నొక్కుతాడు."

"అతను మీరు ముందంటున్నాడు."

"అంటాడు. వాడి గూడు నా గూడు కంటే పెద్దది కావల్ల కదా."

మెహరున్నీసా గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ మీద చెయ్యి వేసింది. చౌడమ్మ ఒక్క అడుగులో వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. మేత వేసి వేసి గరుకు తేలిన అరచెయ్యి.

"ఇవి మీ పురుగులా మేడమ్, నా పురుగులా?"

షెడ్డు నిండా ఆకు నమిలే చప్పుడు.

"మీవే."

"అట్లయితే చెయ్యి తియ్యండి."

తీసింది. జీపులో కూర్చున్నాక ఆమెకు తన మీదే కోపం వచ్చింది. నొక్కనందుకో, నొక్కబోయినందుకో ఆమెకే తెలియలేదు. పధ్నాలుగు నెలలు కాగితాలతో కొట్లాడింది, చక్కెరతో కొట్లాడింది. స్విచ్‌ను గోడకు బిగించేటప్పుడు, దాన్ని ఎప్పుడు నొక్కాలని ఎవరైనా అడుగుతారేమోనని ఆమెకు ఒక్కసారీ తోచలేదు.

ఇరవయ్యో రోజు తెల్లవారేసరికి చుట్టుపక్కల ఏ తోటలోనూ ఆకు లేదు. ఏడు గంటలకు ఓబులేసు నొక్కాడు. ఎనిమిది లోపల ఇరవై ఆరు ఇళ్లలోనూ నీలి దీపాలు వెలిగాయి.

పదింటికల్లా ఊళ్లో ఉన్న పురుగులన్నీ పండాయి. తలలెత్తి చోటు వెతుక్కోసాగాయి. ఉన్న చంద్రికల కోసం వీధిలో తోపులాట జరిగింది; రెండు విరిగాయి. జనం మంచాలు, చేటలు, చింపిరి చాపలు, ఎండు కంది కట్టె, ఏది దొరికితే అది షెడ్లలో పరిచారు. పురుగులకు ఆగే ఓపిక లేదు. గోడల మీదికి పాకాయి, కప్పు వాసాలకు ఎక్కాయి, ఆరేసిన చీర మడతల్లో దూరాయి. చోటు దొరకనివి ఇంకో పురుగు మొదలుపెట్టిన గూట్లోకే దూరి, దాంతో కలిసి అల్లాయి. కొన్నింట్లో మూడేసి దూరాయి.

నాలుగో రోజు చూస్తే, అంతటి గూళ్లు ఎవరూ ఎన్నడూ చూడలేదు. కోడిగుడ్డంతవి. చౌడమ్మ వాటిలో అన్నిటికన్నా పెద్దది ఏరి, కొంగుతో తుడిచి, మెహరున్నీసాకు ఇచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. మెహరున్నీసా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల రెండు బరువులు కదిలాయి.

కదిరి నుంచి ఖలందర్ అనే రీలర్‌ను పిలిపించింది. ఆమె తండ్రి దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఆయన ఒక పిడికెడు గూళ్లను ఉడుకునీళ్లలో వేసి, పుల్లతో కలిపి, దారం కొస పట్టుకుని లాగాడు. జానెడు వచ్చి తెగింది. మరొక కొస పట్టుకున్నాడు. అదీ తెగింది. ఇంకో పిడికెడు వేశాడు. గంట తర్వాత చేతులు తుడుచుకున్నాడు.

"జంట గూళ్లమ్మా. రెండు దారాలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడిపోయాయి. పది గూళ్లు వేస్తే ఒకటి విప్పగలను. మిగతాది పీచు. పరుపుల్లో దూదికి బదులు కూరుకోవచ్చు."

చౌడమ్మ తొట్టి దగ్గరే నిలబడి విన్నది. వేడినీళ్లలో చెయ్యి పెట్టి ఒక గూడు తీసి, తానే కొస వెతికి లాగింది. తెగింది. మళ్లీ లాగింది. మళ్లీ తెగింది. ఆ గూడు మొత్తం ముద్దయ్యేదాకా లాగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు.

మెహరున్నీసా ఈసారి రిపోర్టులో తానే ఒక గడి గీసి, "దారానికి పనికొచ్చిన పట్టు: పదో వంతు" అని రాసింది. కింద ఒక సూచన కూడా రాసింది: స్విచ్ నొక్కే రోజు యంత్రమే నిర్ణయించాలి, రైతుకు వదలకూడదు. పది రోజులకు కాగితం తిరిగొచ్చింది. ఆ గడి నమూనాలో లేనందున తొలగించి పంపవలసిందని పక్కన రాసి ఉంది. దాంతోపాటు నీలకంఠం ఇంకో ఉత్తరం జతచేశాడు. "రైతుల స్పందన చాలా బాగుందమ్మా. చూడు" అని పైన సొంత చేతివ్రాత.

అది ఎర్రగట్టుపల్లి రైతుల అర్జీ. తీపి మందును ఇంకాస్త గట్టిగా తయారుచేయించాలని, పురుగును ఇరవై రోజులు కాక ముప్ఫై రోజులు ఆపగలిగేలా ఉండాలని కోరారు. కింద ఇరవై ఆరు సంతకాలు. మొదటిది చౌడమ్మది.

మెహరున్నీసా అప్పటికప్పుడు జీపెక్కింది. దారి పొడుగునా ఏమేమి అనాలో మనసులో పేర్చుకుంది. ఊళ్లోకి వచ్చేసరికి చౌడమ్మ ఇంట్లో లేదు, చేలో ఉందన్నారు.

చేను దున్ని ఉంది. చౌడమ్మ, ఇంకా నలుగురు ఆడవాళ్లు వంగి, జానెడేసి మల్బరీ కొమ్మలు వరసగా నాటుతున్నారు.

"అక్కా, ఆ అర్జీ మీద మీరు సంతకం పెట్టారా?"

"పెట్టినా మేడమ్." చౌడమ్మ నడుము పట్టుకుని నిలబడింది. "తప్పు మీ మందుది కాదు. దీపానిదీ కాదు. ఆకు చాలలేదు, అంతే. ఆకు ఉండి ఉంటే వంతులు పెట్టుకుని నిదానంగా నొక్కుకునేవాళ్లం. అందుకే ఈసారి ఊరంతా ఆకు వేస్తాండాం."

మెహరున్నీసా చేను ఆ చివరి దాకా చూసింది. పక్క చేను, దాని పక్కది. అన్నిట్లోనూ అవే పుల్లలు. గట్టు వెంబడి కొత్తగా పీకిపడేసిన పైరు కుప్పలు కుప్పలుగా వాడిపోతోంది. దగ్గరికి వెళ్లి ఒక మొక్క ఎత్తి చూసింది. రాగి. అప్పుడప్పుడే వెన్ను తొడుగుతోంది.

"ఇది మీ తిండిగింజల చేను కదక్కా. మరి ఇంట్లోకి రాగులు?"

చౌడమ్మ చీరకొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ వంగి పుల్లను మట్టిలో గుచ్చింది.

"ఏదో సర్దుకుంటాంలే మేడమ్. పురుగులు బాగా తినల్ల కదా."